అలిగి వెళ్ళడానికి దారిలేని ఊరు

ఇటలీలో వారం రోజులు ఉండి వచ్చామంటే షికాగో దగ్గర మా అరోరాలో స్నేహితులు మొదట అడిగేది "వెనిస్ చూశారా?" అని. చూడలేదు. "మరి పీసా?" అదీ చూడలేదు. ఓర్వియేతో అనే చిన్న కొండ ఊళ్ళో మకాం పెట్టామంటే "అక్కడేముందండీ?" అంటారు. ఏముందో తరవాత చెప్తాను. మేం ఆ ఊరిని ఎంచుకున్నది అక్కడ లేనిదాన్ని చూసి. ఆ ఊళ్ళోంచి అలిగి వెళ్ళిపోవడానికి దారి లేదు.

మేం అంటే నేనూ, మా తోడల్లుడు ప్రసాద్ అన్నయ్యా. ఆయన భార్య మాధవి వదిన మా ఆవిడ సునీతకి సొంత అక్క. వాళ్ళు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటారు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవు. తోడల్లుళ్ళం మాత్రం వారంలో నాలుగు రోజులైనా మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆయన ఆఫీసు రైల్లోంచి ఫోన్ చేస్తారు, నేను మా ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు దిగకుండా కూర్చుని ఎత్తుతాను. ఇంట్లో తెలిస్తే కొంపలంటుకుంటాయి కాబట్టి ఫోన్లో ఆయన పేరు "డెంటిస్ట్" అని పెట్టుకున్నాను. "మీ పళ్ళకి ఏమైందండీ, రోజూ ఫోన్ చేస్తున్నాడు?" అని సునీత ఒకసారి అడిగింది కూడా.

గొడవ ఏమిటంటే, మూడేళ్ళ కిందట అన్నయ్యకి ఉద్యోగం పోయింది. అప్పటికింకా హెచ్-వన్ వీసా మీదే ఉన్నారు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇన్నేళ్ళ కాపురాన్ని సూట్‌కేసుల్లో సర్దుకోవాల్సిందే. వదిన ఆ సంగతి ఒక్క చెల్లెలికే ఫోన్లో చెప్పి "ఎవరితోనూ అనకు" అంది. సునీత రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు ఆగలేక బావగారి రెజ్యూమె తీసుకెళ్ళి అరోరా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. మన గ్రూపుల సంగతి తెలిసిందేగా. సాయంత్రానికల్లా ఫ్రీమాంట్‌లో వదిన గుమ్మం ముందు ఒకావిడ పులిహోర డబ్బా పట్టుకుని, జాలి మొహం వేసుకుని నిలబడింది. "నా ఇంటి గుట్టు ఊరంతా చాటింపు వేశావు" అని వదిన ఫోన్ చేసి ఒక్క మాట అని పెట్టేసింది. అదే ఆఖరు.

అన్నయ్యకి గడువులోపే ఉద్యోగం వచ్చింది. పోయిన చలికాలం గ్రీన్ కార్డు కూడా వచ్చింది. అక్కాచెల్లెళ్ళ మధ్య మాత్రం మాట రాలేదు.

"ఇద్దర్నీ ఒకచోట పడేస్తే గానీ లాభం లేదు మురళీ," అన్నారు అన్నయ్య ఒక పొద్దున రైల్లోంచి. గ్రీన్ కార్డు వచ్చిన సంతోషంలో ఆయన ఎటైనా వెళ్ళాలనుకుంటున్నారు. మాకు పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయి. ఇద్దరం మా మా ఆవిడలతో విడివిడిగా "మనిద్దరమే వెళ్దాం" అని చెప్పి, ఒకే ఇంట్లో దిగిపోవాలనేది పథకం. అసలు తలనొప్పి ఏ ఊరికి వెళ్ళాలనే దగ్గర మొదలైంది.

"రోమ్?" అన్నాను.

"ఇద్దరూ చెరో టాక్సీ ఎక్కి చెరో హోటల్‌కి పోతారు."

"సముద్రం ఒడ్డున?"

"చెరో గొడుగు కింద పడుకుని పుస్తకం అడ్డం పెట్టుకుంటారు. మనకి కావాల్సింది కార్లు తిరగని ఊరు, ఒకే వీధి ఉన్న ఊరు, ఎటు నడిచినా మళ్ళీ మొదటికే వచ్చే ఊరు."

ఆ లెక్కన రెండు వారాలు వెతికారాయన. మామూలు వాళ్ళు ఇల్లు అద్దెకి తీసుకుంటే వ్యూ చూస్తారు, రివ్యూలు చూస్తారు. ఈయన శాటిలైట్ మ్యాపు పెట్టుకుని బయటికి పోయే దారులు ఎన్నో చూసేవారు. చివరికి ఓర్వియేతో దొరికింది. రోమ్‌కీ ఫ్లోరెన్స్‌కీ మధ్య, చుట్టూ నిట్టనిలువు రాతి గోడలున్న బల్లపరుపు కొండ. కొండ మీద ఊరు, కింద రైల్వే స్టేషను, మధ్య తాడుతో లాగే చిన్న రైలు.

"ఇక్కణ్ణించి అలిగి ఎక్కడికి పోతారయ్యా?" అన్నారు విజయగర్వంతో.

జూన్ మొదటి వారంలో బయల్దేరాం. మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే ఒక మాట: మన పాస్‌పోర్టులకి గ్రీన్ కార్డు ఉన్నా ఇటలీ వీసా కావాలి. అపాయింట్‌మెంట్లు తొందరగా దొరకవు, నెలల ముందే చూసుకోండి. షికాగో నుంచి రోమ్‌కి రాత్రి విమానం, పొద్దున్నే దిగుతుంది. సునీత ఒక సూట్‌కేసులో బట్టలూ, ఇంకోదాంట్లో చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, గోంగూర పచ్చడి, సోనామసూరి బియ్యం సర్దింది. విమానంలో పక్క సీట్లో ఒహాయో నుంచి వచ్చిన పెద్దావిడ, "మొదటి రోజు ఎక్కడికీ పరిగెత్తకండి. ఊళ్ళో కూర్చోండి, ఊరే మీ దగ్గరికి వస్తుంది," అంది. సునీతకి ఆ మాట తెగ నచ్చింది. "చూశారా, ఎంత ప్రశాంతంగా ఉంటుందో," అంది. నేను కిటికీలోంచి మబ్బులు చూశాను.

ఎయిర్‌పోర్టు నుంచి రోమ్ పెద్ద స్టేషన్‌కి ఒక రైలు, అక్కణ్ణించి ఫ్లోరెన్స్ వైపు వెళ్ళే పాసింజరు. కాగితం టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీద మిషన్లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. గంటంపావు ప్రయాణం. ఎదురుగా ఒక ముసలాయన జేబుకత్తితో పీచ్ పండు కోస్తూ మాకూ చెరో ముక్క ఇచ్చాడు. ఓర్వియేతో అనగానే ఎన్నాళ్ళని వేళ్ళతో అడిగాడు. వారం అన్నాను. "వారమా!" అని గుండె మీద చెయ్యి వేసుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో "టూరిస్టులు పొద్దున వస్తారు, సాయంత్రం పోతారు. వాళ్ళు పోయాకే అది మా ఊరు," అన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం. చిన్న ఊళ్ళో మకాం పెట్టడంలో అసలు సుఖం అదే.

స్టేషన్ బయటే తాడు రైలు. దాని టికెట్టుతోనే పైన చిన్న బస్సు కూడా ఎక్కొచ్చు. బోగీ చెట్ల మధ్యనుంచి ఏటవాలుగా పైకి పాకుతుంటే సునీత చిన్నపిల్లలా నవ్వింది. నేను మాత్రం ఫోన్ జేబులో దాచుకుంటున్నాను. వదినా వాళ్ళు ముందురోజే దిగిపోయారని "డెంటిస్ట్" నుంచి మెసేజ్ వచ్చింది మరి.

ఇల్లు సన్నటి రాతి సందులో ఉంది. గుమ్మానికి రెండు వైపులా పూలకుండీలు. యజమానురాలు సిన్యోరా లూచా తలుపు తీసి, సునీతని చూడగానే రెండు చేతులూ పైకెత్తి "ఆ! సోరెల్లా!" అంది. అక్కాచెల్లెళ్ళని అక్కడ అలాగే అంటారని నాకు తరవాత తెలిసింది. సునీతకి ఇటాలియన్ రాదు కానీ గుమ్మం పక్కన విడిచిన చెప్పులు చూడటం వచ్చు. నీలం పట్టీ, ఎడమ మడమ లోపలివైపు అరిగి ఉంది. చిన్నప్పట్నించీ వదిన చెప్పులు అక్కడే అరుగుతాయట.

"ఏవండీ," అంది సునీత. పాతికేళ్ళ కాపురంలో ఆ పిలుపు చాలా రకాలుగా విన్నాను. ఈ రకం వినలేదు.

సరిగ్గా అప్పుడే లోపల వంటింట్లో టప్పుమని చప్పుడు. కాలిన వైరు వాసన. ఇల్లంతా కరెంటు పోయింది. వంటింటి గుమ్మంలో మాధవి వదిన, చేతిలో ఫ్రీమాంట్ నుంచి తెచ్చుకున్న రైస్ కుక్కరు, దాంట్లోంచి సన్నటి పొగ. అమెరికా కుక్కరుకి ఇక్కడి ప్లగ్గు అడాప్టరు పెట్టారు గానీ ఇక్కడి కరెంటుకి వోల్టేజి రెట్టింపని మర్చిపోయారు. వెనకాల నిలబడ్డ అన్నయ్య చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు.

అక్కాచెల్లెళ్ళు ఒకర్నొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ ఒకేసారి మావైపు తిరిగారు.

"అరె, మురళీ! నువ్వేంటి ఇక్కడ?" అన్నారు అన్నయ్య. ఆయన నటన అంత దరిద్రంగా ఉంటుందని ముందే తెలిస్తే ఆ డైలాగు నేనే చెప్పుకునేవాణ్ణి.

సునీత హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయింది. వెనకాలే నేను. పెద్ద వీధిలో తూర్పుకి నడిచింది. చివర పిట్టగోడ, కింద లోయ. వెనక్కి తిరిగి పడమరకి నడిచింది. అక్కడా పిట్టగోడ, లోయ. రెండు హోటళ్ళలో అడిగింది. ఊళ్ళో ఏదో పెద్ద పెళ్ళి ఉందట, గదుల్లేవు. గంట తిరిగాక, ఏ సందులో దూరినా చారల చారల పెద్ద చర్చి ముందుకే వచ్చి తేలుతోందని గ్రహించి ఆగిపోయింది.

"ఈ ఊరు మీరే వెతికారా?" అంది.

"అన్నయ్య వెతికారు."

"మీ డెంటిస్టు కూడా ఆయనేనా?"

ఆకలి వేసి ఇంటికి వచ్చేశాం.

మొదటి రెండు రోజులూ ఇల్లు ఐక్యరాజ్య సమితిలా నడిచింది. కింద మేం, పైన వాళ్ళు, వంటిల్లు ఒకటే. అక్కాచెల్లెళ్ళ మధ్య అన్ని మాటలూ మా మీదుగానే. "ఆవిడ స్టవ్ వాడుకోవడం అయిందేమో కనుక్కోండి," అంటుంది సునీత, అక్క రెండడుగుల దూరంలో నిలబడి ఉండగా. "అయిందని చెప్పండి," అంటుంది వదిన పైకప్పు చూస్తూ. వదిన కుక్కరు పోయింది, మాదీ అమెరికాదే కాబట్టి అన్నం గిన్నెలో వండాలి. సునీత ఎసరు పెట్టి బియ్యం పోసి వెళ్ళిపోతుంది. అది పొంగే టైముకి వదిన వచ్చి మూత తీసి, మంట తగ్గించి, ఏమీ ఎరగనట్టు పైకి వెళ్ళిపోతుంది. ఆ అన్నం నలుగురం తింటున్నాం, ఎవరు వండారో ఎవరూ అడగడం లేదు.

మేం దిగిన మర్నాడు గురువారం సంత. గురువారం, శనివారం ఊరి మధ్య పెద్ద చౌకులో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఎప్పుడెళ్ళినా ఆ రెండు రోజుల్లో ఒకటి కలిసొచ్చేలా చూసుకోండి. టమాటాలూ, చీజ్ చక్రాలూ, గుట్టలుగా చెర్రీలు. సునీత వంకాయలు ఏరుతుంటే కూరగాయలావిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఇటాలియన్‌లో ఏదో గట్టిగా అంటోంది. పక్కన కాఫీ తాగుతున్న కుర్రాడు ఇంగ్లీషులో చెప్పాడు: "ఇందాకే రెండు కిలోలు తీసుకెళ్ళారు కదా, మళ్ళీ ఎందుకు, అవి బాగాలేవా, అని అడుగుతోంది." సునీత మొహం ఎర్రబడింది. అవే వంకాయలు, అలాగే ఒక్కొక్కదాన్నీ తిప్పి తిప్పి చూసి, అరగంట ముందు వదిన కొని వెళ్ళింది. ఆ రాత్రి ఇంట్లో రెండు గుత్తివంకాయ కూరలు. నేనూ అన్నయ్యా దేశభక్తితో రెండూ తిన్నాం.

శుక్రవారం నలుగురం చీవిత అనే పక్క ఊరు చూడ్డానికి బస్సెక్కాం. ఆదివారాలు ఆ బస్సు ఉండదు, గుర్తుపెట్టుకోండి. కొండ చుట్టూ మన్ను కూలిపోయి, కొసన గుప్పెడు ఇళ్ళు మిగిలిన ఊరది. పొడుగాటి కాలి వంతెన దాటి వెళ్ళాలి. బస్సులో వదిన ముందు సీటు, సునీత వెనక సీటు. వంతెన మీద వదిన వడివడిగా ముందు, సునీత ఆగి ఆగి వెనక. తోడల్లుళ్ళం మధ్యలో, ఇద్దరి నీళ్ళ సీసాలూ మోస్తూ.

"మన ఊరి సెలక్షన్ తప్పిందేమో అన్నయ్యా," అన్నాను.

"ఊరిదేం తప్పులేదు. ఇంకా చిన్నది చూడాల్సింది," అన్నారాయన.

శనివారం బావి చూడ్డానికి వెళ్ళాం. తాడు రైలు దిగే చోటికి పక్కనే ఉంటుంది. పూర్వం ఒక పోప్, అంటే రోమ్ మతగురువు, ఈ కొండ మీద తలదాచుకున్నప్పుడు, శత్రువులు చుట్టుముట్టినా ఊరికి నీళ్ళుండాలని తవ్వించాడట. బావి అంటే మనం అనుకునే బావి కాదు, పాతాళంలోకి దించిన బురుజు. గోడలో రెండు మెట్లదారులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ దిగుతాయి. దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి. నీళ్ళు మోసే గాడిదలు ఒకదానికొకటి ఎదురు రాకుండా అలా కట్టారు. దారి పొడుగునా కిటికీలు, కిటికీల్లోంచి చూస్తే మధ్యలో బావి నోరు.

"ఎదురు పడకుండానా?" అన్నారు అన్నయ్య టికెట్లు తీసుకుంటూ, డీలా పడిపోయి. "మనకి ఇదొక్కటే తక్కువైంది."

వదినా ఆయనా ముందు దిగారు. సునీత వాళ్ళు కనపడనంత దూరం వెళ్ళేదాకా ఆగి, తరవాత దిగింది. లోపల చల్లగా, నాచు వాసన. మెట్లు వెడల్పుగా, తేమతో నున్నగా ఉన్నాయి. సగం దూరం దిగామేమో, సునీత ఒక కిటికీ దగ్గర ఆగింది. బావికి అవతలి పక్క, సరిగ్గా అదే ఎత్తులో, ఇంకో కిటికీలో వదిన. ఆవిడ ఎక్కుతోంది, ఆయాసంతో గోడకి ఆనుకుని ఉంది. మధ్యలో వెలుతురు నిలువునా కిందికి దిగుతోంది. రాతి గోడల మధ్య ఇద్దరి మొహాలు తప్ప ఇంకేం కనపడటం లేదు. ఎంతసేపు చూసుకున్నారో తెలియదు. సునీత కళ్ళు దించుకుని అడుగు ముందుకి వేసింది.

"సునీ! కింద మెట్లు జారుతున్నాయే! గోడ పట్టుకుని దిగు!"

ఆ అరుపు బావి అంతా తిరిగింది. "పట్టుకుని దిగు, దిగు, దిగు" అని కిందినుంచి మళ్ళీ పైకి వచ్చింది. అడుగున ఎక్కడో ఒక అమెరికన్ గొంతు, "పైన అందరూ క్షేమమేనా?" అని అడిగింది.

"సరే అక్కా!" అంది సునీత. అని, గోడ పట్టుకుంది. అడుగుదాకా వదల్లేదు. కింద చిన్న వంతెన మీద నిలబడి నీళ్ళలోకి చూస్తూ కొంగు అలవాటుకొద్దీ వెతుక్కుని, వేసుకున్నది జీన్సూ షర్టూ అని గుర్తొచ్చి, నా రుమాలు లాక్కుంది.

పైకి వచ్చేసరికి వదిన గేటు దగ్గర నిలబడి ఉంది. నీళ్ళ సీసా మూత తీసి చెల్లెలికి అందించింది. మాటలేం లేవు. కానీ సీసా మా చేతుల మీదుగా వెళ్ళలేదు.

ఆ సాయంత్రం నలుగురం చర్చి ముందు రాతి అరుగు మీద కూర్చున్నాం. టూరిస్టులంతా రైళ్ళకి వెళ్ళిపోయారు. జూన్‌లో ఎనిమిదైనా వెలుగు పోదు. పడమటి ఎండ చర్చి గోడ మీద పడి, దాని మీది బంగారు బొమ్మలు మండుతున్నట్టున్నాయి. రైల్లో ముసలాయన చెప్పిన ఊరు అదే. ఆడవాళ్ళు కుర్చీలు బయట వేసుకుంటున్నారు, ఎవరో కుక్కని తిడుతున్నారు, పిల్లలు బంతి తంతున్నారు. అన్నయ్య అంతసేపూ ఐస్‌క్రీం కప్పుని చేతిలో తిప్పుతూ, ఒక్కసారిగా అన్నారు:

"మాధవీ, నీకొకటి చెప్పాలి. నా ఉద్యోగం ఎవరో రిక్రూటర్ ఫోన్ చేస్తే వచ్చిందని చెప్పాను కదా. కాదు. సునీత పెట్టిన మెసేజ్ వల్లే వచ్చింది. అరోరా పక్కన నేపర్‌విల్‌లో ఒకావిడ తన కజిన్‌కి పంపిందట, ఆయనే నన్ను పిలిచాడు. నువ్వు కోపంలో ఉన్నావని అప్పుడు చెప్పలేదు. ఆ తరవాత చెప్పే టైము దాటిపోయింది."

ఈ సంగతి నాకూ తెలుసు. సునీతకి తెలియదు. ఆమె ఐస్‌క్రీం చెంచా గాల్లోనే ఉండిపోయింది.

వదిన చర్చి వైపే చూస్తోంది. "నాకు తెలుసు," అంది.

"ఎప్పుడు?"

"మీ ఆఫీసు పిక్నిక్‌లో. ఆ కజిన్ భార్యే చెప్పింది, మీ చెల్లెలు ఎంత మంచిదండీ అని. రెండేళ్ళయింది."

"రెండేళ్ళా!" అంది సునీత. "మరి ఒక్క ఫోనైనా..."

"ఏమని చెయ్యనే? నీది తప్పనుకున్నన్నాళ్ళు హాయిగా కోపం పెట్టుకున్నాను. నీవల్లే మా ఇల్లు నిలబడిందని తెలిశాక చెయ్యి ఫోన్ మీదికి పోదు. ఎన్నిసార్లు నీ నెంబరు దాకా వెళ్ళానో. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా ఇంకా సిగ్గేసేది." ఆవిడ చెల్లెలి వైపు తిరిగింది. "ఆ రోజు ఆవిడ పులిహోర డబ్బాతో వచ్చింది చూడు, ఆ మొహం ఇప్పటికీ మర్చిపోలేను సునీ. అంత చిన్నదాన్నయిపోయాను."

సునీత చెంచా కప్పులో పెట్టేసింది. తరవాత మెల్లిగా, "ఉద్యోగం వచ్చినంత మాత్రాన నేను చేసింది ఒప్పయిపోదక్కా. నువ్వు చెప్పొద్దన్నావు. నేను చెప్పాను. నిన్నడిగి పెట్టాల్సింది," అంది.

వదిన చేతిలో ఐస్‌క్రీం కరిగి మోచేతి దాకా కారుతోంది. సునీత నా రుమాలు తీసి తుడిచింది. అక్క చెయ్యిని అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ గోడ పైకి పాకి, శిఖరాల మీద కాసేపు ఆగి, పోయింది.

నేనూ అన్నయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గెలిచామనుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

"అయితే," అంది వదిన కళ్ళు తుడుచుకుని, "మీ ఇద్దరికీ మూడేళ్ళుగా అంతా తెలుసన్నమాట."

"రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ," అంది సునీత.

"మనం ఏడుస్తుంటే చూస్తూ."

"పైగా డెంటిస్టట!"

మూడేళ్ళ తరవాత అక్కాచెల్లెళ్ళు ఒక మాట మీదికి వచ్చారు. ఆ మాట మేమే.

ఆదివారం లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పైనా కిందా ఎవరూ లేరు. సిన్యోరా లూచా బట్టలు ఆరేస్తూ, నవ్వు ఆపుకుంటూ, రెండు వేళ్ళు జంటగా నడిపించి స్టేషను వైపు చూపించింది. తొమ్మిదిన్నరకి సునీత మెసేజ్: "ఫ్లోరెన్స్ వెళ్తున్నాం. వంకాయ కూర ఉంది." సాయంత్రం ఇంకోటి: "ఇక్కడే ఉండిపోతున్నాం. రేపు వస్తాం."

ఫ్లోరెన్స్ అక్కణ్ణించి పాసింజరు రైల్లో రెండు గంటల పైనే. ఆదివారం కాబట్టి పక్క ఊళ్ళకి బస్సు లేదు. అంత తెలివిగా ఎంచుకున్న ఊళ్ళో మేమిద్దరం చిక్కుకుపోయాం. కొండ చుట్టూ రాతిగోడ అడుగున కాలిబాట ఉంది, చెట్ల నీడలో బాగుంటుంది. దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చుట్టాం. అన్నం వండబోతే అడుగంటింది. మంట ఎప్పుడు తగ్గించాలో మా ఇద్దరికీ తెలియదు, తగ్గించే మనుషులిద్దరూ ఫ్లోరెన్స్‌లో ఉన్నారు.

"ప్లాన్ సక్సెస్సేనా అన్నయ్యా?" అన్నాను మాడు గోకుతూ.

"నూటికి నూటపది శాతం," అన్నారాయన దిగులుగా.

సోమవారం సాయంత్రం వాళ్ళు తాడు రైలు దిగడం చూశాం. ఇద్దరి భుజాలకీ ఒకే రకం తోలు సంచులు, ఇద్దరి ముక్కులూ ఎండకి ఒకేలా కమిలి ఉన్నాయి, ఇద్దరి గొంతులూ మాట్లాడి మాట్లాడి బొంగురుపోయాయి.

"ఏం చూశారు?" అన్నాను.

"ఫ్లోరెన్స్‌లో అందరూ చూసే ఆ పెద్ద విగ్రహం కోసం రెండు గంటలు క్యూలో నిలబడ్డాం."

"ఎలా ఉంది?"

సునీత అక్క వైపు చూసింది. "ఎలా ఉందే? నేను సరిగ్గా చూడలేదు. నువ్వప్పుడు అమ్మ ఆపరేషన్ సంగతి చెప్తున్నావు కదా."

మంగళవారం ఎక్కడికీ పోలేదు. ఆ వారంలో నేను అందరికీ సిఫారసు చేసే రోజు అదే. బుధవారం తెల్లవారగానే సిన్యోరా లూచాకి మిగిలిన కందిపొడి ఇచ్చి, అదెలా తినాలో అక్కాచెల్లెళ్ళు చెరోవైపునుంచి చేతులతో చూపించి, రైలెక్కాం. రోమ్ ఎయిర్‌పోర్టులో మా గేటు ఒక వైపు, వాళ్ళ గేటు ఇంకో వైపు. మా ఫైనల్ కాల్ పిలిచేదాకా ఇద్దరూ మధ్యలో ఒక కాఫీ బల్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటూనే ఉన్నారు. అన్నయ్య నాతో కరచాలనం చేసి, "ఇకనుంచి నా పేరుతోనే ఫోన్ చేస్తానులే," అన్నారు.

ఇటలీ ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను చూసింది కొంచెమే. ఒక కొండ, ఒక వీధి, ఒక చర్చి, ఒక బావి. కానీ పొద్దున రొట్టెల కొట్టావిడ మమ్మల్ని చూడగానే మేం అడక్కముందే సంచీ విప్పేది. కూరగాయలావిడ ఆఖరిరోజు ఇద్దర్నీ పక్కపక్కన చూసి నుదురు కొట్టుకుని నవ్వింది. పెద్ద ఊళ్ళు చూడ్డానికి వెళ్ళండి. ఉండటానికైతే చిన్నది వెతుక్కోండి.

మధ్యాహ్నానికి షికాగోలో దిగాం. పార్కింగ్‌లో కారు తీసుకుని అరోరా దారి పట్టాం. కారులో సునీత కిటికీలోంచి చూస్తూ, "అక్క బాగా చిక్కిపోయింది, గమనించారా? జుట్టు కూడా నెరిసింది. నేనసలు చూడనే లేదు, ఎప్పుడు నెరిసిందో," అంది.

ఇంటికి దగ్గర పడుతుండగా ఆమె ఫోన్ మోగింది. వాళ్ళ విమానం అప్పుడే దిగింది. వదిన ఇంకా సీట్లోంచి లేవకుండానే చేసింది.

"ఆఁ అక్కా, చెప్పు. లేదు లేదు, పడుకోలేదు, కారులో ఉన్నాం. చెప్పు..."

హైవే మీద మా ఇంటికి తిరగాల్సిన ఎగ్జిట్ వచ్చింది. సునీత అక్క చెప్పేదానికి నవ్వుతోంది, అటు చూడలేదు. నేను బ్లింకర్ వెయ్యకుండా తిన్నగా పోనిచ్చాను. తరవాతి ఎగ్జిట్ కూడా దాటిపోయింది.